లెక్క ఎక్కడ తప్పినది?

మన యిండ్లలోని బాలికలు కళాశాలలో చేరిన తొలినాళ్లలోనే ఇంటికి తెచ్చుకొను పుస్తకములలో "సమాచార వ్యవస్థలు" అనునది యొకటి కలదు. వాణిజ్యశాస్త్రమును కంప్యూటరుతో కలిపి చదువువారిలో పెక్కుమందికి ఈ పాఠము తప్పదు. దత్తాంశ మనగా నేమి? సమాచార మనగా నేమి? రెంటికిని భేద మెట్టిది? అని ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగేసి పంక్తుల జవాబులు. బాలిక కన్నులు మూసికొని వానిని వల్లించును. తల్లి వంటయింటినుండి విని, నా బిడ్డ చక్కగా చదువుచున్నదని సంతసించును. పరీక్షలో మార్కులును వచ్చును. సోదరీమణులారా, ఆ చదువు చెప్పువారిలో మేమును ఒకరము. పెక్కేండ్లు ఇట్లే చెప్పితిమి. కావున ముందుగా మా తప్పు మేము చెప్పుకొనెదము.

మా విద్యార్థినులలో ఒక బాలిక ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెము ప్రాంతమునుండి వచ్చి చదువుచుండెను. ఆమె తల్లి మహిళా సంఘములో సభ్యురాలు. సంఘము బ్యాంకులో అప్పు తీసికొని నెలనెల వాయిదా చెల్లించుచుండెను. ఒకనాడు క్రొత్త అప్పు కొఱకు పోగా, పాత అప్పులో రెండు వాయిదాలు బాకీ యున్నవని చెప్పి త్రిప్పి పంపిరి. పదిమంది స్త్రీలును కట్టియున్నారు. కట్టినట్లు చీటీలును ఉన్నవి. ఐనను కంప్యూటరులో లేదు గనుక కట్టలేదనియే లెక్క. అది పత్తి విత్తనములు కొనవలసిన సమయము. తప్పు ఎవరిదో తెలియక ఒకరి నొకరు అనుమానించుకొని, ఏండ్ల తరబడి ఒకే చాపపై కూర్చుండిన స్త్రీలు రెండు వారములు మాటలాడుకొనలేదట. తల్లి ఆ పుస్తకములను, చీటీలను మూట కట్టి కూతురియొద్దకు తెచ్చి, "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు గదా బిడ్డా, ఇది ఎక్కడ తప్పిందో జర చూడు" అన్నది. కూతురు చూచి, "ఇది మా సిలబస్‌ల లేదమ్మా" అన్నది.

ఈ మాట ఆ బాలికయే మాతో నవ్వుచు చెప్పినది. మాకు నవ్వు రాలేదు. ఏమనగా, ఆ మూటలో ఉన్నది మా సిలబస్ తప్ప మఱియొకటి కాదు. తీర్మానముల పుస్తకము, పొదుపు ఖాతా, అప్పుల ఖాతా, సభ్యురాలి పాసు పుస్తకము, బ్యాంకువారి చీటీ. వానిని వ్రాయువారు, మోయువారు, సరిచూచువారు. ఏ దినమున ఏది వ్రాయవలెనను కట్టుబాటు. ఇవన్నియు కలిసినదే సమాచార వ్యవస్థ. యంత్ర మందులో ఒక భాగము మాత్రమే. ఇంట నున్నదానిని గుర్తింపలేని చదువు మేము చెప్పితి మన్నమాట.

ఈ సంఘముల సంగతి మన పాఠకురాండ్రకు క్రొత్త కాదు. 1992లో నాబార్డు వారు దేశము మొత్తమున ఐదువందల సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయత్నమును పరీక్షార్థము మొదలుపెట్టిరి. తెలుగుదేశమున ఆ చిన్న మొలక మహావృక్షమైనది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడినది. 2011లో స్త్రీనిధి వచ్చినది. సంఘమునకు పంచసూత్రములని యున్నవి: క్రమముగా సమావేశము, క్రమముగా పొదుపు, తమలో తాము అప్పిచ్చుకొనుట, సకాలమున తీర్చుట, పుస్తకములు సరిగా వ్రాయుట. మొదటి నాలుగింటిని మన స్త్రీలు తమ చేతిలో ఉంచుకొనిరి. ఐదవదానిని మాత్రము చాలచోట్ల జీతమునకు పుస్తకములు వ్రాయువారికి అప్పగించిరి. అక్షరము రానివారు మఱేమి చేయగలరు? ఆ పిమ్మట ఆ పుస్తకము కాగితమునుండి కంప్యూటరులోనికి పోయినది. సంఘముల లెక్కలను యంత్రమున కెక్కించుటకు నాబార్డువారు 2015లో ఈశక్తి యను పథకము నారంభించిరి. మంచిదే. కాని ఐదవ సూత్రము తల్లుల చేతికి మఱికొంత దూర మైనది. దానిని దగ్గఱకు తేగలవారు కళాశాలకు పోవు కూతుండ్రే యని మాకు తోచినది.

అందుచే వేసవి సెలవులలో తిరుమలాయపాలెమునకు పోయి, పండ్రెండుమంది బాలికలను చేర్చి, కంప్యూటరు లేకుండ కంప్యూటరు చదువు చెప్పిచూతమని సంకల్పించితిమి.

ఈ పల్లె పాలేరు ప్రాంతములోనిది. పత్తి, మిరప, వరి యిచ్చటి పంటలు. పూర్వము వానపై ఆధారపడిన మెట్టనేలలు మెండు. 2017లో పాలేరు జలాశయమునుండి నీటిని పైకి తోడు భక్త రామదాసు ఎత్తిపోతల పథకము వచ్చినమీదట వరి పెరిగినది. మేము పోయిన దినములలో యాసంగి ధాన్యము రాసులుగా పోసియుండెను. మహిళా సంఘములవారే ధాన్యము కొనుగోలు కేంద్రములు నడుపుట మన తెలంగాణమున చూచుచున్నాము గదా. టార్పాలిన్ పట్టాలు, గోనె సంచులు, కాంటా, తేమ చూచు యంత్రము, వరుసలో నిలిచిన ట్రాక్టర్లు, వీనిని దాటియే బాలికలు మాయొద్దకు రావలసియుండెను. ఇంతకంటె పాఠ్యపుస్తక మేల? ఆ కేంద్రమునే ఆటగా ఆడింప నిశ్చయించితిమి.

సామగ్రి యంతయు ఇంటిలోనిదే. చింతగింజ యొక్కటి నలుబది కిలోల సంచి. పాత పెండ్లి పత్రికల వెనుకటి తెల్లని భాగము చీటీలకు వచ్చినది. ఐదుగురు రైతులు, తక్కినవారిలో ఒకరు టోకెను ఇచ్చుటకు, ఒకరు తేమ చూచుటకు, ఒకరు కాంటాకు, ఒకరు పుస్తకమునకు, ఒకరు లారీకి, ఒకరు మిల్లుకు, ఒకరు సొమ్ము చెల్లించుటకు. తేమ నూటికి పదునేడు మించినచో ధాన్యము ఎండబోయవలెను. ధర 2025-26కు ప్రభుత్వము నిర్ణయించినట్లు మేలురకమునకు క్వింటాలు 2389 రూపాయలు. నియమ మొక్కటియే: ఎవ్వరును నోరు విప్పరాదు. ఒకరికి తెలిసినది మఱియొకరికి చీటీ ద్వారముననే తెలియవలెను.

ఈ మౌనమే ఆటకు ప్రాణము. మాటలాడినచో మనుష్యులు లోపములను సరిదిద్దుకొనుచు పోవుదురు. వ్యవస్థ ఎక్కడ చిల్లుపడినదో కనబడదు. నోరు మూసినచో చీటీలో లేనిది లోకములోనే లేదు. సంఘపు స్త్రీలకు బ్యాంకులో జరిగినదియు ఇదియే గదా.

మేము చేసిన కుట్ర యొకటి కలదు. ఐదుగురు రైతులలో ఇద్దరికి "వెంకటమ్మ" అనియే పేరు పెట్టితిమి. అర్ధగంట గడచునప్పటికి చింతగింజలన్నియు మిల్లు చేరినవి. ఒక వెంకటమ్మ తెచ్చినది ఏబది సంచులు, అనగా ఇరువది క్వింటాళ్లు. ఆమెకు రావలసినది 47,780 రూపాయలు. ఆ సొమ్ము పోయి రెండవ వెంకటమ్మ ఖాతాలో పడినది. రెండవ యామెకు రెండు మొత్తములు, మొదటి యామెకు సున్న. మొదటి వెంకటమ్మగా నున్న బాలిక మౌనవ్రతము మఱచి, "నా వడ్లు ఏడబోయినై?" అని కేకవేసినది. ఆట ఆగిపోయినది. అందఱును సొమ్ము చెల్లించు బాలికను తప్పుపట్టిరి. ఆమె తనకు వచ్చిన చీటీలు చూపినది. రెంటిమీదను వెంకటమ్మ యనియే యున్నది. ఆమె తప్పేమి? పుస్తకము వ్రాసినామె, తనకు కాంటానుండి వచ్చిన చీటీ చూపినది, అందును అంతే. తప్పు మనుష్యులను వదలి చీటీలోనికి పోయినది.

సొమ్ము చెల్లించు స్థానమున కూర్చున్నది మొదట మేము చెప్పిన బాలికయే. ఆమె కొంతసేపు చీటీలు చేతబట్టుకొని చూచి, "మేడమ్, మా అమ్మోళ్ల సంఘం పేరుతోటి మా ఊళ్లనే ఇంకో సంఘం ఉంది" అన్నది. రెండు సంఘములును ఒకే దేవత పేరు పెట్టుకొన్నవట. మేము ఏమియు అనలేదు. ఆ సాయంకాలమే ఆమె తల్లియొద్దకు పోయి మూట విప్పినది.

రికార్డులో ప్రతిదానికి ఒక విడిగుర్తు ఉండవలెనని, అది మఱియొకదానికి ఉండరాదని పుస్తకములో ఒక పంక్తి యున్నది. దానిని మేము నల్లబల్లపై వ్రాసి చెప్పిన యేండ్లలో ఒక్కరును ప్రశ్న వేయలేదు. ఇప్పుడు గంటసేపు చర్చ జరిగినది. ఇంటిపేరు కలిపిన చాలునా? చాలదు, ఒకే ఇంటిపేరుగలవారు ఊరిలో ఎందఱో. తండ్రి పేరా, భర్త పేరా? పెండ్లి కాగానే మారు గుర్తు గుర్తెట్లగును, అని ఒక బాలిక అడిగినది. ఫోను నంబరా? ఇంటి కొక్కటే ఫోను, అదియు కొడుకుచేతిలో. తుదకు పాసు పుస్తకపు సంఖ్య, ఆధారు సంఖ్య, ఖాతా సంఖ్య, వీనిలో ఏది దేనికి తగునో తామే విడదీసికొనిరి.

రెండవ దినమున లెక్క వేఱు విధముగ చెడునట్లు చేసితిమి. ఒక రైతు ఖాతా సంఖ్య నడుమ మారినదని చెప్పగా పుస్తకములో దిద్దిరి. టోకెను జాబితాలోను, మిల్లు కాగితములోను పాతదే నిలిచినది. మూడుచోట్ల మూడు సత్యములు! ఒక విషయమును ఒక్కచోటనే వ్రాసి తక్కినచోట్ల దాని గుర్తు మాత్ర ముంచవలె నన్నది బాలికలకు అప్పుడు తోచినది. ఈ మార్గమునకు గణితముతో గట్టి పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్ అను శాస్త్రవేత్త. ఐబీఎం సంస్థలో పనిచేయుచు 1970లో ఆ వ్యాసమును ప్రకటించెను. పోపులపెట్టె యింటి కొక్కటి యుండిన చాలును, ప్రతి గదిలోను ఆవాలు పెట్టుకొన్నచో ఏ గదిలో అయిపోయినవో ఎవరికి తెలియును, అని యొక తల్లి గుమ్మమునుండి అన్న మాట మాకు ఆ వ్యాసముకంటె సులభముగ నున్నది.

లారీ ఆలస్యమైనచో ఏమగునో కూడ ఆడించితిమి గాని, అందు విశేషము తక్కువ. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జే ఫారెస్టరు బృందము వారు 1960 ప్రాంతమున ఇట్టి యాటనే కనిపెట్టిరి. చీటీ ఆలస్యమగుటచేత దుకాణమున కొఱత, గిడ్డంగిలో గుట్టలు ఎట్లు పుట్టునో అది చూపును. అది బీరు వ్యాపారపు ఆట. మన బాలికలకు వడ్లు చాలును.

మూడవ దినపు సంగతి వ్రాయుటకే మేము కలము పట్టితిమి.

ఐదుగురు రైతులలో ఒక బాలికకు, "నీవు కౌలుకు చేయుచున్నావు, భూమి నీది కాదు" అని కవరులో వ్రాసియిచ్చితిమి. ఆమె చింతగింజలు పట్టుకొని టోకెనుకు పోయినది. టోకెను చీటీలో "పాసు పుస్తకపు సంఖ్య" అను గడి యున్నది. ఆ గడిని క్రిందటి దినమున బాలికలే ఎంతో తెలివితో చేర్చియుండిరి. ఆమె దానిలో వ్రాయుట కేమియు లేదు. చీటీ నిండలేదు గనుక టోకెను లేదు. టోకెను లేదు గనుక కాంటా లేదు. మాటలాడరాదు గదా! ఆ బాలిక చేతిలో గింజలతో ఒక మూల నిలుచుండిపోయినది. తక్కిన రైతులు ఆమెను దాటి ముందుకు పోవుచుండిరి. చివరకు భూమి గలదని వ్రాసియున్న మఱియొక బాలిక జాలిపడి ఆ గింజలను తనవానిలో కలుపుకొన్నది. సొమ్ము ఆమె పేర పడినది. ఇయ్యగలనా, ఇయ్యలేనా యన్నది ఆమె దయపై నిలిచినది.

ఆట ముగిసినను కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పిమ్మట ఒక బాలిక, "మా ఇంట్ల పొలం నాయన పేరు మీద ఉంది, పని అంతా అమ్మ చేస్తది. అమ్మ గూడ ఈ గడిల లేదు గదా మేడమ్?" అని అడిగినది.

అమ్మలారా, నాట్లు వేయువారు, కలుపు తీయువారు మీరు. పట్టాలో పేరు ఎంతమందికి ఉన్నది? గడి లేనిచోట మనిషి లేదు. ఆ గడి ఎవరో దుర్మార్గులు పెట్టినది కాదు. నిన్నటి తప్పు దిద్దుటకు మంచి మనస్సుతో బాలికలు పెట్టినదే. 2011లో ఉమ్మడి రాష్ట్రమున సాగుదారులకు గుర్తింపు కార్డులు ఇచ్చుటకు చట్టము చేసిరి. శాసనసభవారు అంత శ్రమపడి చేసిన దేమనగా, ఒక గడి చేర్చుట. అది యెంత కష్టమో బాలికలు ఆ సాయంకాలము తామే చూచిరి. కౌలుదారునకు వేఱు చీటీ పెట్టినచో భూస్వామి ఒప్పుకోలు కావలెనా? ఒప్పుకొనకున్న? ఇద్దఱును ఒకే ధాన్యమును చూపినచో? రాత్రి యెనిమిదైనను లేవకున్నందున తల్లులు వచ్చి పిలుచుకొని పోవలసివచ్చినది.

నడుమ జరిగిన చిన్న సంగతి యొకటి. జాబితా అందఱికి తెలియవలెనని యొక బాలిక పేర్లు, ఫోను సంఖ్యలు, ఖాతా సంఖ్యలు, రావలసిన సొమ్ము అన్నియు పెద్ద కాగితముపై వ్రాసి గోడకు అంటించినది. మేము బయటికి పోయి ఫోనులో ఆమెనే పిలిచి, "మీకు 47,780 రూపాయలు పడవలసియున్నవి, ఖాతా చివరి అంకె లివి, ఓటీపీ చెప్పండి" అంటిమి. ఆమె చెప్పబోయినది! కాగితము వెంటనే చినిగినది. ఎవరికి ఏది కనబడవలెనను పాఠమునకు మాకు ఐదు నిమిషములు పట్టినది.

చీటీ మహిమ నీ ప్రాంతమువారికి మేము చెప్పనక్కఱలేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, వసూలైన సొమ్మును భద్రాచల దేవాలయమునకు వెచ్చించి గోల్కొండలో బందీ యైన కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినది. రామలక్ష్మణులే వచ్చి ఆఱులక్షలు చెల్లించిరని చెప్పుకొందురు గదా. సొమ్ము చెల్లించి ఊరకుండక తానీషాచేత రశీదు వ్రాయించుకొని గోపన్న తలక్రింద ఉంచిరట. దేవుడైనను రశీదు లేక విడిపింపలేడని కథ చెప్పినవారికి తెలియును. ఈ మాట చెప్పగా బాలికలు నవ్విరి. ఒక పెద్దమ్మ మాత్రము నవ్వక, "అందుకే నేను ఒక్క చీటీ పారెయ్యను" అన్నది.

ఇట్టి బోధన క్రొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతను జరిగిన సభ, పిల్లలకు చదువు చేతిపని చుట్టును అల్లుకొనవలెనని తీర్మానించినది. ఆ పథకమును రచించిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదున పుట్టిన జాకీర్ హుస్సేన్. మఱుసటి యేడే అమెరికాలో జాన్ డ్యూయీ "అనుభవము, విద్య" యను గ్రంథము వెలువరించెను. అందు ఆయన ఒక హెచ్చరిక చేసెను: ప్రతి యనుభవమును విద్య కాదు. 1984లో డేవిడ్ కోల్బ్ దీనిని నాలుగు మెట్లుగా విడదీసెను: చేయుట, చేసినదానిని తలపోయుట, దానినుండి సూత్రము తీయుట, ఆ సూత్రమును మరల పరీక్షించుట. కంప్యూటరు లేకయే కంప్యూటరు శాస్త్రము ఆటలుగా నేర్పు పద్ధతిని న్యూజిలాండులో టిమ్ బెల్ గారును, ఆయన మిత్రులును 1990 దశకమున ప్రచారము చేసిరి. మన పొరుగున కేరళలో 2002లో మలప్పురము జిల్లాయందు, కుటుంబమునకు ఒకరికైనను కంప్యూటరు పరిచయము కలిగింప అక్షయ పథకము మొదలైనది.

డ్యూయీ హెచ్చరిక నిజమే. మొదటి దినము మేము తలపోయుటకు వేళ ఇయ్యక మరల ఆడించితిమి. గోల తప్ప ఏమియు మిగులలేదు. పిమ్మట ప్రతి సాయంకాలము, ఏమి జరిగినది, ఎందుకు జరిగినది, రేపు ఏమి మార్తుమని ఒక్కొక్కరిచే వ్రాయించితిమి. ఇంకను లోపములు కలవు. చురుకైన ఒకరిద్దరు తామే ఆట నడుపుదురు. బిడియపడువారు గింజలు లెక్కించుచు కూర్చుందురు. వారిని సొమ్ము చెల్లించు స్థానమున కూర్చుండబెట్టుట మాకు కనబడిన ఉపాయము. గంటలో చెప్పదగిన పాఠమునకు మూడు దినములు పట్టినదని మా సహోపాధ్యాయు లందురు. పట్టినది. నాలుగు పంక్తుల జవాబు కూడ నేర్పకతప్పదు. పరీక్షలో అడుగునది అదియే. కాని ఆట పిమ్మట నేర్పినచో అది రెండు నిమిషముల పని.

మీ యింట పాల లెక్కకాని, గ్యాసు బండ లెక్కకాని బిడ్డచేతి కిచ్చి ఒక నెల వ్రాయింపుడు. నెలాఖరున పాలవాని లెక్కతో తేడా వచ్చినప్పుడు మీరు సర్దుబాటు చేయవద్దు. ఎక్కడ తప్పినదో ఆమెనే వెదకనిండు.

ఇక ఆ సంఘము మాట. బాలిక తల్లితోను, మఱి యిద్దరితోను బ్యాంకునకు పోయినది. ఈమారు "మేము కట్టినాము" అనక, ఏ తేదీన, ఏ చీటీ సంఖ్యతో, ఎంత కట్టినదియు ఒక కాగితముపై వరుసగా వ్రాసికొని పోయి, అదే పేరుగల రెండవ సంఘపు ఖాతాలో ఆ రెండు తేదీలను చూడుడని అడిగినది. రెండు మొత్తములును అందే యున్నవి. సరిచేయుటకు ఇంకను పది దినములు పట్టినది. విత్తనములకు మాత్రము అప్పటికే వడ్డీకి తెచ్చుకొనియుండిరి. రెండవ సంఘమువారును, తమ ఖాతాలో ఎక్కువ సొమ్ము ఎట్లు వచ్చెనో తెలియక భయపడి ఎవరికిని చెప్పలేదట.

నాలుగవ దినమున బాలికలు ఇక యంత్రము చూపుమనిరి. మేము తీసికొనిపోయిన కంప్యూటరు తెరచి, గడుల కాగితము ముందుంచితిమి. పండ్రెండుమందియు చుట్టు చేరిరి. మొదటి గడికి శీర్షిక పెట్టుటలోనే గంట గడచినది. "రైతు పేరు" అని యొకరు కొట్టగా, ఇంకొకరు తుడిచి "భూమి ఎవరిది" అనియు, దాని ప్రక్కన వేఱు గడిలో "పంట ఎవరిది" అనియు కొట్టిరి.